పొగ కాదు, పట్టు కావాలి

బైక్ ముందు బ్రేకు గట్టిగా పట్టి, క్లచ్ వదిలి, వెనక టైరును ఉన్నచోటే గిర్రున తిప్పి తెల్లటి పొగ లేపడాన్ని బర్నవుట్ అంటారని ఈ పత్రిక చదివేవాళ్లలో తెలియనివాళ్లు ఉండరు. ఫ్రెషర్స్ డే అయినా, ఫేర్‌వెల్ అయినా, ఎవరిదో బర్త్‌డే అయినా పార్కింగ్ వెనకాల ఒక్కసారైనా ఆ చప్పుడు వినపడాల్సిందే. పది ఫోన్లు పైకి లేస్తాయి. పదిహేను సెకన్ల రీల్ తయారవుతుంది. కింద కామెంట్లు: "మాస్", "రేసర్ అన్నా".

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా కొట్లాడుకుందాం. ఆ పొగకి, రేసింగ్‌కి సంబంధం లేదు. డ్రాగ్ రేసింగ్‌లో బర్నవుట్ అంటే టైరుకు పట్టు తెచ్చే పని. మన దగ్గర జరిగేది దానికి ఉల్టా, ఉన్న పట్టును కాల్చి పారేయడం. ఇంకో మాట కూడా ఉంది. డ్రాగ్ రేసర్ 402 మీటర్ల కోసం తన టైరు మీద, ఆ ట్రాక్ మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు మనం జనగామ నుంచో, మానుకోట నుంచో, భూపాలపల్లి నుంచో బైక్ మీద వచ్చే దారి మీద పెడితే కొంతమంది బతుకుతారు.

"వీడెవడో బండి నడపొద్దనే అంకుల్ లెక్క ఉన్నాడు" అనుకోకండి. నాకు రేసింగ్ అంటే మస్తు ఇష్టం. అందుకే ఈ గొడవంతా.

డ్రాగ్ స్ట్రిప్ మీద నిజంగా ఏం జరుగుతుంది

డ్రాగ్ రేస్ చూడ్డానికి చాలా సింపుల్. నిటారుగా ఉన్న ట్రాక్, పావు మైలు, అంటే 402 మీటర్లు. ఇద్దరు నిలబడతారు, లైట్లు పడతాయి, ఎవరు ముందు చేరితే వాళ్లు గెలిచినట్టు. మలుపుల్లేవు, ఓవర్‌టేకింగ్ లేదు. కాబట్టి ఇంజిన్ పవర్ ఎవరిది ఎక్కువైతే వాళ్లదే గెలుపు అనిపిస్తుంది. కానీ ఈ ఆట తెలిసినవాళ్లు మొదట చూసేది మొదటి 60 అడుగుల టైమ్‌ని. ఎంత పవర్ ఉన్నా ఆ 60 అడుగుల్లో టైరు జారితే రేస్ అక్కడే పోతుంది. అక్కడ మిగిల్చుకున్న పదో వంతు సెకను చివరికి వచ్చేసరికి ఇంకొంచెం పెరిగి కనపడుతుంది.

అందుకే స్టార్ట్‌కి ముందు ఒక క్రమం ఉంటుంది. స్టార్ట్ లైన్ వెనకాల తడి చేసిన చిన్న జాగా ఉంటుంది, దాన్ని వాటర్ బాక్స్ అంటారు. రేసర్ వెనక టైరును అందులోంచి పోనిచ్చి, కొంచెం ముందుకు వచ్చి ఆపి, అప్పుడు తిప్పడం మొదలుపెడతాడు. నీళ్లు ఎందుకంటే, పొడి నేల మీద టైరును ఒక్కసారి కదిలించాలంటే క్లచ్ మీద, చెయిన్ మీద, గేర్‌బాక్స్ మీద విపరీతమైన లోడ్ పడుతుంది. తడి ఉంటే టైరు సులువుగా తిరగడం మొదలవుతుంది. తిరుగుతున్న కొద్దీ నీళ్లు ఎగిరిపోయి, రబ్బరు వేడెక్కి, పైన అంటుకున్న దుమ్మూ రాళ్లూ రాలిపోయి, లోపలి తాజా పొర బయటికి వస్తుంది. ఫస్ట్ గేర్‌లో కాకుండా సెకండ్‌లో తిప్పేవాళ్లు ఎక్కువ, ఎందుకంటే కావాల్సింది చక్రం స్పీడు. పొగ లేవడం మొదలవగానే బ్రేకు వదిలి టైరును పొడి జాగా మీదికి దొర్లనిస్తారు. అక్కడ ఒక రబ్బరు గీత పడుతుంది. కొందరు ఒకటి రెండు చిన్న లాంచ్‌లు చేసి టైరు పట్టిందో లేదో చూసుకుంటారు. తర్వాత ఆలస్యం చేయకుండా లైన్ మీదికి పోతారు, ఎందుకంటే సంపాదించిన వేడి నిమిషాల్లో చల్లారిపోతుంది.

ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలియదు. ఇదంతా ముఖ్యంగా స్లిక్ టైర్ల కోసం, అంటే గీతలు లేని, మెత్తటి రబ్బరుతో చేసిన రేస్ టైర్ల కోసం. మన బండ్లకు ఉండే గీతల టైరుతో డ్రాగ్ స్ట్రిప్‌కి పోతే అక్కడివాళ్లు ఇచ్చే మొదటి సలహా "వాటర్ బాక్స్‌ని తప్పించి పక్కనుంచి రా" అని. గీతల్లో నీళ్లు నిలబడి స్టార్ట్ లైన్ దాకా వచ్చి అక్కడ కారతాయి. నీ పట్టూ పోతుంది, వెనకాల వచ్చేవాడి పట్టూ పోతుంది. రోడ్డు టైరుకు చేసేదల్లా దుమ్ము రాలేలా రెండు మూడు సెకన్లు తిప్పడం, అంతే. అంతకంటే ఎక్కువ తిప్పితే రబ్బరు జిడ్డుగా మారి ఇంకా జారుతుంది. పొగ ఎంత ఎక్కువైతే రేసర్ అంత గొప్పోడు అనే లెక్క అక్కడ లేదు.

ఇంకో సగం పని నేల మీద జరుగుతుంది. స్టార్ట్ లైన్ దగ్గర కాంక్రీట్ మీద పాత రబ్బరు గీకుతారు, కొత్త రబ్బరు రుద్ది పట్టిస్తారు, జిగురు లాంటి ద్రవాన్ని ఆల్కహాల్‌తో పలచన చేసి చల్లుతారు. ఎవరి బండి నుంచైనా ఆయిల్ చుక్క పడితే రేస్ ఆపేసి తుడుస్తారు. టైరు ఎంత మంచిదైనా కింద నేల మంచిది కాకపోతే లాభం లేదని వాళ్లకు తెలుసు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మన జిల్లాల దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు మన పార్కింగ్‌కి రండి. స్లిక్ లేదు, జిగురు లేదు, వాటర్ బాక్స్ లేదు, తర్వాత వేయాల్సిన లాంచ్ కూడా లేదు. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. ఆ నేల మీద నిలబడ్డ టైరుకి మనం ఇంకా వేడి పుట్టించడం దేనికి? రీల్ అయిపోయాక మిగిలేది మధ్యలో చదునుగా అరిగిపోయిన టైరు. గుండ్రంగా ఉండాల్సిన టైరు మధ్యలో చదునైతే మలుపులో బండిని వంచినప్పుడు ఆ అంచు మీద ఒక్కసారిగా పడినట్టు అవుతుంది. అదే టైరు మీద మరునాడు ఆ అబ్బాయి వెనకాల ఫ్రెండ్‌ని ఎక్కించుకుని ఊరికి పోతాడు.

మ్యూ ఎన్ దగ్గర ఆగిపోయిన మన ఫిజిక్స్

ఇంటర్‌లో అందరం చదివాం. ఘర్షణ బలం అంటే మ్యూ ఇంటూ ఎన్. తాకే వైశాల్యంతో సంబంధం లేదు. పరీక్షలో అదే రాశాం, మార్కులు వచ్చాయి. అది నిజమైతే డ్రాగ్ కార్లకు అంత వెడల్పు టైర్లు ఎందుకు?

ఎందుకంటే రబ్బరు చెక్క లాంటిదీ కాదు, ఇనుము లాంటిదీ కాదు. రోడ్డు పైపైన నున్నగా కనపడ్డా దగ్గరగా చూస్తే అంతా చిన్న చిన్న గుట్టలే. రబ్బరు ఆ గుట్టల మధ్యలోకి దిగి, వాటి ఆకారాన్ని పట్టుకుంటుంది. పట్టు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, రబ్బరు నేలకు అంటుకోవడం. రెండు, గుట్టల మీద పోతూ రబ్బరు నొక్కుకుని మళ్లీ విడివడేటప్పుడు కొంత శక్తిని తినేయడం. ఈ రెండూ వేడిని బట్టి మారతాయి. మరీ చల్లగా ఉంటే రబ్బరు గట్టిపడి గుట్టల్లోకి దిగదు. సరైన వేడిలో మెత్తబడి దిగుతుంది. మరీ వేడైతే దాని బలం పోయి పై పొర ఊడిపోతుంది. ప్రతి టైరుకీ తనకు నచ్చిన ఒక ఉష్ణోగ్రత పరిధి ఉంటుంది. రేస్ టైరుకు అది పైన ఉంటుంది కాబట్టి వేడి చేయాలి. మన రోడ్డు టైరును డిసెంబర్ పొద్దుటి చలికీ మే మధ్యాహ్నం ఎండకీ కలిపి తయారు చేస్తారు కాబట్టి మామూలుగా నాలుగు కిలోమీటర్లు నడిపితే చాలు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేస్ జరిగింది గుర్తుందా? జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లు వాడేది గీతలున్న టైర్లే. ఎండకీ వానకీ ఒకటే రకం. వాటిని ముందే వేడి చేసే దుప్పట్లు కూడా ఉండవు. డ్రైవర్లే గ్రిడ్ మీదికి వచ్చేలోపు బ్రేకులు తొక్కుతూ, అటూ ఇటూ ఊపుతూ, చక్రాలు తిప్పుతూ వేడి తెచ్చుకోవాలి. టీవీలో అది చూసి "స్టైల్ కొడుతున్నాడు" అనుకున్నవాళ్లు ఉంటారు. స్టైల్ కాదు, హోంవర్క్.

గాలి లెక్క

ఈ వ్యాసంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఈ భాగం గుర్తుపెట్టుకోండి.

డ్రాగ్ రేసర్లు టైరు గాలితో చాలా ఆడతారు. కార్ల వెడల్పాటి స్లిక్‌లలో గాలి 10 పీఎస్ఐ లోపే ఉండే సందర్భాలున్నాయి. గాలి తగ్గితే టైరు ఇంకొంచెం చదునై ఎక్కువ జాగా నేలను తాకుతుంది. కానీ మరీ తగ్గిస్తే మధ్య భాగం లోపలికి వంగి, అంచులు మాత్రమే నేలను తాకుతాయి. మరీ పెంచితే మధ్య భాగం ఒక్కటే తాకుతుంది. అందుకే వాళ్లు నేల మీద పడ్డ రబ్బరు గీతను చూస్తారు. మధ్యలో నల్లగా, అంచుల్లో పలచగా ఉంటే గాలి ఎక్కువైనట్టు. అంచుల్లో నల్లగా, మధ్యలో పలచగా ఉంటే తక్కువైనట్టు. గీత వెడల్పంతా ఒకేలా వచ్చేదాకా అర పీఎస్ఐ చొప్పున మారుస్తూ పోతారు. ప్రతిసారీ నోట్‌బుక్‌లో రాస్తారు: ట్రాక్ వేడి ఎంత, గాలి ఎంత, బర్నవుట్ ఎన్ని సెకన్లు, మొదటి 60 అడుగుల టైమ్ ఎంత. ఒక రన్‌కి ఒక్క అంశమే మారుస్తారు. మన సీఎస్ఈ వాళ్లకి ఇది కొత్త కాదు. దీన్నే మనం డీబగ్గింగ్ అంటాం. రెండు లైన్లు ఒకేసారి మారిస్తే బగ్ దేనివల్ల పోయిందో ఎప్పటికీ తెలియదు.

"అయితే మనం కూడా గాలి తగ్గిద్దాం, గ్రిప్ పెరుగుతుంది" అనేవాళ్లు హాస్టల్‌లో ఉన్నారు. వద్దు. స్లిక్ పక్క గోడలు అలా వంగడానికే తయారయ్యాయి. మన కమ్యూటర్ టైరువి కాదు. గాలి తక్కువైతే పక్క గోడ ఎక్కువ వంగి లోపల వేడెక్కుతుంది, బండి మలుపులో ఊగుతుంది, గుంతలో పడితే రిమ్ దెబ్బతింటుంది. వాన నీటిలో తేలిపోవడం కూడా తక్కువ స్పీడుకే మొదలవుతుంది.

ఇప్పుడు లెక్క చేద్దాం. మీ బైక్ వెనక టైరుకు కంపెనీ చెప్పిన గాలి 28 పీఎస్ఐ అనుకుందాం. పొద్దున 30 డిగ్రీల దగ్గర సరిగ్గా 28 పెట్టారు. మధ్యాహ్నం అరవై కిలోమీటర్లు నడిపాక టైరు లోపలి గాలి 60 డిగ్రీలకు చేరింది అనుకుందాం. వాతావరణ పీడనం 14.7 కలిపితే మొత్తం 42.7. కెల్విన్‌లో 303 నుంచి 333కి పెరిగింది కాబట్టి పీడనం 46.9 అవుతుంది. మళ్లీ 14.7 తీసేస్తే గేజ్ మీద 32 చూపిస్తుంది. అంటే ఏ పంప్ పెట్టకుండానే 4 పీఎస్ఐ పెరిగింది.

ఇక్కడే పొరపాటు జరుగుతుంది. పెట్రోల్ బంక్‌లో ఆగుతాం. 32 చూపించగానే "ఎక్కువుంది" అని 28కి తగ్గిస్తారు. రాత్రి టైరు చల్లారాక అదే లెక్క వెనక్కి చేస్తే మిగిలేది 24. మరునాడు పొద్దున, వెనకాల ఒకర్ని ఎక్కించుకుని, 24 పీఎస్ఐ టైరుతో హైవే ఎక్కుతాం. నిజానికి ఇద్దరు ఎక్కితే ఇంకా ఎక్కువ గాలి ఉండాలి. ఎంతో తెలియకపోతే బండికే రాసి ఉంటుంది, చెయిన్ గార్డ్ మీదో స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కర్ చూడండి. డ్రాగ్ రేసర్ అర పీఎస్ఐ దగ్గర తల బద్దలు కొట్టుకుంటుంటే మనం 4 పీఎస్ఐ పోగొట్టుకుని పట్టించుకోవడం లేదు.

మూడు ఊర్లు, మూడు రకాల నేల

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి. అంతకుముందు చాలావరకు పాత వరంగల్ జిల్లానే. మన కాలేజీలో ఈ మూడు వైపుల నుంచీ వచ్చేవాళ్లు ఉన్నారు. మూడు దారుల్లో నేల మూడు రకాలు. స్టార్ట్ లైన్ దగ్గర ఒక ఆయిల్ చుక్క చూసి రేస్ ఆపేసే మనిషిని తెచ్చి మన రోడ్ల మీద నిలబెడితే ఏమంటాడో ఊహించండి.

జనగామ వైపు ఎన్‌హెచ్ 163 ఫోర్ లేన్. హైదరాబాద్ నుంచి హన్మకొండ దాకా నున్నగా పోతుంది. ఆ రోడ్డు చూస్తే ఎవరికైనా చెయ్యి తిరుగుతుంది. అసలు కథ హైవే దిగాక మొదలవుతుంది. వానాకాలం కోతలప్పుడు, మళ్లీ యాసంగి కోతలప్పుడు రోడ్డు సగం వడ్లతో నిండిపోతుంది. గట్టి నేల మీద వడ్ల గింజలంటే బేరింగ్‌లో బాల్స్ లాంటివి. టైరుకీ రోడ్డుకీ మధ్య గింజలు దొర్లుతుంటే మీ రబ్బరు ఎంత మెత్తనిదైనా లాభం లేదు, అసలు అది నేలను తాకడమే లేదు. రాత్రి ఇంకా ఘోరం. నల్లటి టార్పాలిన్ పట్టా, చుట్టూ అడ్డంగా పెట్టిన రాళ్లు. హెడ్‌లైట్‌లో నల్ల రోడ్డు మీద నల్ల పట్టా కనపడదు. వడ్లు ఎత్తాక కూడా ఆ రాళ్లు కొన్ని అక్కడే ఉండిపోతాయి.

మానుకోట వైపు ఎర్ర మట్టి. మక్కలు, మిర్చి కూడా రోడ్డెక్కుతాయి. నాట్లప్పుడు ట్రాక్టర్లు పొలంలోంచి ఇనుప కేజ్ వీల్స్‌తో అలాగే తారు రోడ్డు ఎక్కుతాయి. అది చేయకూడదని తెలిసీ చేస్తారు. తారు లేచిపోతుంది, మట్టి పెళ్లలు పడతాయి, దాని మీద ఒక జల్లు పడితే సబ్బు రాసినట్టే. మాకు తెలిసిన ఒక అన్న అలాంటి మలుపులోనే పడ్డాడు. కాలులో రాడ్ వేశారు, ఒక సెమిస్టర్ పోయింది. అతను స్పీడుగా ఏం పోలేదు. వెనక టైరు మధ్యలో చదునుగా అరిగిపోయి ఉందని పంక్చర్ షాపాయన తర్వాత చూపించాడు. ఆ టైరు ఎలా అరిగిందో మాకందరికీ తెలుసు. వీడియోలు ఇంకా ఫోన్లలో ఉన్నాయి.

మహబూబాబాద్ వాళ్లకు ఇంకో అలవాటు. కాజీపేట–విజయవాడ లైన్ మీద స్టేషన్ ఉంది కాబట్టి బండి స్టేషన్ దగ్గర పెట్టి ట్రైన్ ఎక్కేస్తారు. వారం, రెండు వారాలు బండి ఎండలో నిలబడుతుంది. నిలబడ్డ టైరులో గాలి నెమ్మదిగా తగ్గుతుంది. తిరిగొచ్చాక ఎవరూ చూడరు, కిక్ కొట్టి వెళ్లిపోతారు.

భూపాలపల్లి సంగతి వేరు. సింగరేణి గనులున్నాయి, చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది, గోదావరి వైపు నుంచి ఇసుక లారీలు వస్తాయి. రోడ్డు మీద బొగ్గు పొడి, ఇసుక, లారీల డీజిల్, ఆయిల్ అన్నీ కలిసి ఉంటాయి. పొడిగా ఉన్నంతసేపు అది కళ్లలో పడే దుమ్ము మాత్రమే. మొదటి వాన పడ్డ పావుగంటలో అది నల్లటి పేస్ట్ అవుతుంది. గట్టిగా వాన పడితే కొట్టుకుపోతుంది, చిన్న జల్లు పడితే మాత్రం అలాగే ఉంటుంది. అక్కడివాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. వాళ్లు టీ కొట్టు దగ్గర ఆగుతారు. బయటి నుంచి వెళ్లే మనమే "చిన్న జల్లే కదా" అని పోతాం.

ఇందులో నేను రైతును తిట్టడం లేదు. ఇది స్పష్టంగా చెప్పాలి. ఊర్లో సరిపడా కల్లాలు ఉంటే, కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుందని వాపస్ పంపకుంటే, ఎవరూ తమ ఆరు నెలల కష్టాన్ని లారీలు తిరిగే రోడ్డు మీద పొయ్యరు. రోడ్డు మీద వడ్లు పోయడం తప్పని బోర్డు పెట్టడం సులువు. కల్లం కట్టడానికి డబ్బులు కావాలి. మన లిటరరీ క్లబ్‌లో రైతు మీద కవిత రాయనివాళ్లు లేరు. రోడ్డు పక్క కల్లం అడుగుతూ గ్రామ పంచాయతీకి ఒక దరఖాస్తు రాసినవాళ్లు ఎంతమంది?

"మరి మేం రేస్ ఎక్కడ చేయాలి?"

ఈ ప్రశ్న న్యాయమైనది. దీన్ని దాటేసి "రేస్ చేయకండి" అంటే ఎవరూ వినరు.

చట్టం సంగతి ముందు చూద్దాం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 ప్రకారం పబ్లిక్ రోడ్డు మీద రేస్ చేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారి దొరికితే ఏడాది దాకా జైలు, 10,000 దాకా జరిమానా. మామూలు బండి ఇన్సూరెన్స్‌లో రేసింగ్‌కు కవర్ ఉండదు, పాలసీ కాగితం చదివితే కనపడుతుంది. చట్టం భయం మాత్రం పనిచేయడం లేదు. పనిచేస్తే ఇన్ని రీల్స్ ఉండవు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 44 శాతానికి పైగా టూ వీలర్ల మీద వెళ్లినవాళ్లు. ఈ అంకె మనకు తెలియక కాదు. అందులో మనం లేమని అనుకోవడం వల్ల.

అమెరికాలో కూడా కుర్రాళ్లు రోడ్ల మీదే రేస్ చేసేవాళ్లు. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా అనాలో ఒక ఎయిర్‌పోర్ట్ రన్‌వే మీద డ్రాగ్ రేసులు మొదలయ్యాయి. 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టాడు. దాని ఉద్దేశమే వీళ్లను రోడ్డు మీంచి తీసి స్ట్రిప్ మీదికి తేవడం. పోలీసులను శత్రువులుగా చూడకుండా వాళ్లతో కలిసి పనిచేశారు. మన దేశంలో కూడా ఒకప్పుడు చెన్నై దగ్గర షోలవరంలో పాత ఎయిర్‌స్ట్రిప్ మీదే రేసులు జరిగేవి. ఇప్పుడు ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, జాతీయ బైక్ డ్రాగ్ పోటీలు అక్కడ జరుగుతాయి. బెంగళూరుకు చెందిన హేమంత్ ముద్దప్ప లాంటివాళ్లు అలాంటి పోటీల్లోనే జాతీయ చాంపియన్లు అయ్యారు. అంటే దారి ఉంది. జనగామ నుంచి ఒక అబ్బాయి బండి తీసుకుని చెన్నై దాకా పోవాలంటే ఖర్చు ఎంత, సెలవు ఎన్ని రోజులు, ఇంట్లో ఏం చెప్పాలి అనేదే సమస్య.

వరంగల్ పక్కన మామునూరు ఎయిర్‌స్ట్రిప్ దశాబ్దాలు ఖాళీగా పడి ఉంది. ఇప్పుడు అక్కడ ఎయిర్‌పోర్ట్ రాబోతోంది. మంచిదే, నేను దాన్ని అడగను. కానీ ఒక్క ఆదివారం, ఏదో ఇండస్ట్రియల్ ఏరియాలో మూసేసిన రోడ్డు, 402 మీటర్లు రేస్‌కి, ఆగడానికి అంతకంటే ఎక్కువ జాగా, రెండు పక్కలా అడ్డాలు, ఒక అంబులెన్స్, ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా అనుమతి, పోలీసుల బందోబస్తు. హైదరాబాద్ నడిబొడ్డున రోడ్లు మూసి ఫార్ములా ఈ నడిపించిన రాష్ట్రం మనది. రెండో ఏడాది 2024లో అది రద్దయింది, దాని చుట్టూ రాజకీయం నడిచింది, ఆ గొడవలోకి నేను పోను. కోట్ల ఖర్చుతో విదేశీ కార్లు తేవడం కంటే, మన దగ్గర ఉన్న 150 సీసీ, 200 సీసీ బండ్లకు ఏడాదికి రెండు ఆదివారాలు ఇవ్వడం చవక. ప్రాణాల లెక్కలో ఇంకా చవక.

"అట్లా చేస్తే రేసింగ్ పిచ్చి ఇంకా పెరుగుతది" అని పెద్దవాళ్లు అంటారు. పెరగొచ్చు. కానీ స్ట్రిప్ మీదికి పోవాలంటే ముందు బండిని చెక్ చేస్తారు. టైరు చూస్తారు, బ్రేకులు చూస్తారు, హెల్మెట్, జాకెట్, గ్లవ్స్ లేకపోతే లైన్ మీదికి రానివ్వరు. రోడ్డు మీద రీల్ చేసేవాడికి ఈ చెకింగ్ ఎవరు చేస్తున్నారు? పైగా టైమ్ స్లిప్ చేతికి వచ్చాక చాలా పొగరు దిగుతుంది. తన బండి ఎంత స్పీడో అందరికీ చెప్పుకునేవాడు పక్క లైన్‌లో స్కూటర్ టైమ్ చూసి టైరు గాలి గురించి అడగడం మొదలుపెడతాడు. చదువు అక్కడి నుంచి మొదలవుతుంది.

నేను అడిగేది

మన కాలేజీతో మొదలుపెడదాం. క్లబ్ తరఫున ఒక మంచి ప్రెషర్ గేజ్ కొని పార్కింగ్ గేటు దగ్గర పెడదాం. మెకానికల్ వాళ్లు నెలకొకసారి టైర్ చెక్ పెట్టొచ్చు. టైరు పక్క గోడ మీద చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది, అది చూపించే చోట గీతల మధ్యలో ఒక చిన్న గట్టు ఉంటుంది. రబ్బరు అరిగి ఆ గట్టుకు సమానమైతే టైరు అయిపోయినట్టే. టూ వీలర్‌కు కనీసం 0.8 మిల్లీమీటర్ల లోతు ఉండాలని రూల్. పక్క గోడ మీదే నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఈ రోజే చూడండి, గీతలు బాగున్నా రబ్బరు ముసలిదై గట్టిపడి ఉండొచ్చు.

సీఎస్ఈ వాళ్లకు ఒక మినీ ప్రాజెక్ట్ ఐడియా కూడా: మన మూడు దారుల్లో వడ్లు ఎక్కడ పోశారు, మట్టి ఎక్కడ పడింది, ఎక్కడ వాన పడితే జారుతుంది అని మనవాళ్లే మ్యాప్ మీద గుర్తుపెట్టే చిన్న యాప్. కోతల సీజన్‌లో నెల రోజులు నడిస్తే చాలు. ఇంకో అటెండెన్స్ యాప్ కంటే ఇది నయం. ఆ మ్యాప్ ప్రింట్ తీసి కలెక్టరేట్‌లో ఇస్తే కల్లాలు ఎక్కడ కావాలో కూడా అదే చూపిస్తుంది.

ఇక రీల్స్ సంగతి. ఎవడో బర్నవుట్ చేస్తుంటే ఫోన్ పైకెత్తకండి, అంతే. పది ఫోన్లు లేవకపోతే పొగ కూడా లేవదు. వాడు మీ ఫ్రెండ్ అయితే పక్కకు తీసుకెళ్లి టైరు చూపించండి.

వచ్చే శనివారం ఊరికి పోయేవాళ్లు పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోండి. దారిలో వడ్లు కనపడితే ముందే స్లో అవ్వండి. వాటి మీదికి వచ్చాక బ్రేకు పట్టకండి, బండిని వంచకండి, యాక్సిలరేటర్ తిప్పకండి, నిటారుగా నెమ్మదిగా దాటండి. భూపాలపల్లి వైపు పోయేవాళ్లు మొదటి జల్లు పడగానే ఒక టీ తాగండి. ఇంటికి చేరాక మెసేజ్ పెట్టండి.